నార్త్‌ఫీల్డ్: గోధుమ గిర్నీల ఊరు పాల ఊరెట్లయింది?

హన్మకొండ పాఠకురాలు
అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని నార్త్‌ఫీల్డ్ అనే చిన్న పట్నం మీద తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పాఠం తయారుచేస్తున్నాను. 1855లో జాన్ వెస్లీ నార్త్ కానన్ నది దగ్గర ఊరు పెట్టి, ఆనకట్ట కట్టి, గిర్నీ నడిపించాడు. తర్వాతి కాలంలో మాత్రం ఆ ఊరికి ‘ఆవులు, కాలేజీలు, సంతృప్తి’ అనే పేరు స్థిరపడింది. మధ్యలో ఏం జరిగింది? గోధుమ ఎందుకు తగ్గింది, పాలు ఎట్లా నిలబడ్డాయి? పనిముట్ల వివరాలతో సహా కావాలి. భీమదేవరపల్లి, ములుకనూరు వైపు పిల్లలకు పాల కేంద్రం లెక్క తెలుసు కాబట్టి దాంతో కలిపి చెప్పగలిగితే మరీ మంచిది.

గిర్నీ పట్టా
అక్కా, ఆ ఊరంటే చాలామంది 1876 సెప్టెంబరు 7న జెస్సీ జేమ్స్ ముఠా బ్యాంకు మీద పడ్డ సంగతే చెప్తరు. నా లెక్కల దానికంటే గిర్నీయే ముఖ్యం.

అక్కడ పండేది ఎండాకాలం ముందు విత్తే గట్టి గోధుమ. దాని పొట్టు పెళుసు. రాళ్లు దగ్గరగా బిగించి జోరుగా తిప్పితే పొట్టు నుజ్జయి పిండిల కలుస్తది. పిండి మచ్చలు పడతది, వేడెక్కుతది, రేటు రాదు. దీనికి కానన్ లోయ గిర్నీలోళ్లు పట్టుకున్న ఉపాయం ఇది: రాళ్ల నడుమ సందు పెంచి, మెల్లగా తిప్పి, ముందు రవ్వ తీయాలె. ఆ రవ్వను జల్లెడ మీద పోసి కింద నుంచి గాలి కొడితే తేలికైన పొట్టు లేచిపోతది. శుభ్రమైన రవ్వను మళ్ల విసరాలె. ఈ గాలి జల్లెడను 1871లో మినియాపొలిస్‌లో నిలబెట్టిన ఎడ్మండ్ లాక్రాయ్, అంతకుముందు నార్త్‌ఫీల్డ్‌కు ఎగువన అదే నది మీదున్న ఫారిబాల్ట్‌లో పనిచేసినోడే. పక్కనే డండాస్‌లో ఆర్చిబాల్డ్ గిర్నీ పిండికి కూడ మంచి పేరుండె. నార్త్‌ఫీల్డ్‌లో జెస్సీ ఏమ్స్ కుటుంబం 1869లో పడమటి ఒడ్డున కొత్త గిర్నీ కట్టింది.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, 1880 నాటికి మినియాపొలిస్ పెద్ద గిర్నీలు రాళ్లు తీసేసి ఇనుప రోలర్ల జతలు పెట్టినయి. గింజను ఒక్క దెబ్బకు నలగ్గొట్టకుండ దశలు దశలుగా విప్పుతయి. దానికి పెట్టుబడి ఎక్కువ, పవర్ ఒక్క తీరుగ అందాలె. చిన్న నదిల ఎండకు నీళ్లు తగ్గుతయి, చలికాలం గడ్డకడతది. సెయింట్ ఆంథొనీ జలపాతం ఉన్న మినియాపొలిస్ 65 కిలోమీటర్ల దూరంలనే ఉండె. పోటీ ఎట్ల చేస్తరు?

సాగు సంగతులు
గోధుమ వైపు కూడా చూడాలి. ఏటా అదే చేనులో అదే పంట వేయడంతో నేల సత్తువ తగ్గింది, పైరు రసం పీల్చే చించ్ పురుగు పట్టింది. అదే సమయంలో పడమటి రెడ్ రివర్ లోయ కొత్త భూముల గోధుమ రైళ్ల మీద దిగింది. ఆవులు పెడితే పేడ ఎరువు చేలోకి పోతుంది, మక్కలు, గడ్డి ఇంట్లోనే పాలవుతాయి.

కానీ అక్కడ చలికాలం మేత లేకపోతే ఆవు వట్టిపోతుంది. అందుకే సైలో, అంటే పచ్చి మేతను గాలి తగలకుండా నిల్వ చేసే కట్టడం, రావడం పెద్ద మలుపు. ఇల్లినాయ్‌లో ఫ్రెడ్ హాచ్ 1873లో కట్టినది తొలివాటిలో ఒకటి. మొదటి సైలోలు చదరంగా ఉండేవి. మూలల్లో మేత సరిగా తొక్కుడు పడక గాలి నిలిచి బూజు పట్టేది. విస్కాన్సిన్‌లో ఎఫ్. హెచ్. కింగ్ గుండ్రటి సైలోను ప్రచారంలోకి తెచ్చాక ఆ నష్టం తగ్గింది. మన దగ్గర మక్క సైలేజ్ గుంతల్లోనూ ఇదే తప్పు జరుగుతుంది: అంచులు తొక్కకపోతే ముందు చెడేది అవే.

హన్మకొండ పాఠకురాలు
చాలా ఉపయోగం. డబ్బు లెక్క కూడా చెప్పండి. పాలల్లో నీళ్లు కలిపితే ఎట్లా పట్టేవాళ్లు?

పాల పరీక్ష
మేడం, అసలు కీలకం ఇదే. సైలో ఉన్నా, ఆవులున్నా, పాలను తూకం మీదే కొన్నంత కాలం నిజాయితీగా పోసే రైతు నష్టపోయాడు. నీళ్లు కలిపినా మీగడ తీసినా తూకానికి తెలియదు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో పాలల్లో వెన్న శాతం కొలిచే తన పరీక్ష ప్రకటించి, పేటెంట్ తీసుకోకుండా అందరికీ వదిలేశాడు.

పద్ధతి ఇట్లా: 17.6 మిల్లీలీటర్ల పిపెట్‌తో పాలు తీస్తే సుమారు 18 గ్రాములు, సన్నని మెడ మీద గీతలున్న సీసాలో పడతాయి. అందులో 17.5 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ (సాంద్రత 1.82 నుంచి 1.83) సీసా గోడ వెంబడి పోసి, ముదురు గోధుమ రంగు వచ్చేదాకా తిప్పాలి. సెంట్రిఫ్యూజ్‌లో (సీసాను గిర్రున తిప్పే యంత్రం) 5 నిమిషాలు. వేడినీళ్లు మెడ దాకా పోసి మళ్లీ తిప్పడం 2 నిమిషాలు. మళ్లీ మెడలోకి పోసి 1 నిమిషం. మెడలో పైకి తేలిన పసుపు వెన్నను 55 నుంచి 60 డిగ్రీల వేడి మీదే చదవాలి.

మెడ గీతల లెక్క తెలివైనది. 2 మిల్లీలీటర్ల వెన్న అంటే 1.8 గ్రాములు, అంటే 18 గ్రాముల్లో 10 శాతం. వేరే గుణకారం అక్కర్లేదు.

తప్పులు: వెన్న కింద నల్ల నలకలుంటే యాసిడ్ మరీ గాఢం, లేదా పాలు వేడిగా ఉన్నాయి. తెల్లని పెరుగు ముక్కలుంటే యాసిడ్ పలచన, లేదా పాలు మరీ చల్లగా ఉన్నాయి. క్యాను కలపకుండా పైపైన శాంపిల్ తీస్తే మీగడ ఎక్కువ పడి రీడింగ్ పెరుగుతుంది, అడుగు నుంచి తీస్తే తగ్గుతుంది. ఇప్పటికీ గొడవలు వచ్చేది ఇక్కడే.

మన కేంద్రాల్లో యంత్రాలు రాకముందు వాడింది దీని తమ్ముడు లాంటి గెర్బర్ పద్ధతి: 10 మిల్లీలీటర్ల యాసిడ్, 10.75 పాలు, 1 అమైల్ ఆల్కహాల్. బర్రె పాలకు 10 శాతం దాకా గీతలున్న బ్యుటిరోమీటర్ (వెన్న కొలిచే గాజు గొట్టం) కావాలి.

ఈ నమ్మకం మీదే మిన్నెసోటాలో సహకార వెన్న కేంద్రాలు పెరిగాయి. 1890లో క్లార్క్స్ గ్రోవ్‌లో డేనిష్ రైతులు మొదలుపెట్టిన దాన్ని చూసి ప్రొఫెసర్ హెకర్ ఊరూరా ప్రచారం చేశాడు. 1921లో వాటిలో చాలా కేంద్రాలు కలిసి పెట్టుకున్న సంఘమే తర్వాత ల్యాండ్ ఓ లేక్స్ అనే పెద్ద పాల సహకార సంస్థ అయింది. గుర్రపు బండి దూరాన్ని బట్టి పెట్టిన చిన్న కేంద్రాలు లారీలు వచ్చాక మూతపడ్డాయి.

గిర్నీ పట్టా
ఏమ్స్ గిర్నీ మాత్రం ఆగలేదు. 1927లో మాల్ట్ ఓ మీల్ తయారుచేసే కాంప్‌బెల్ సీరియల్ కంపెనీ అందులకు వచ్చి గోధుమ తోటి నాష్తా సరుకు తయారుచేసింది.

పాల పరీక్ష
పిల్లల చేత యాసిడ్ పట్టించకండి, లెక్క చేయించండి. ఒకరు 100 కిలోల పాలు, 3 శాతం వెన్న. ఇంకొకరు 80 కిలోలు, 4.5 శాతం. తూకం ప్రకారం మొదటివాడికి ఎక్కువ డబ్బు. వెన్న ప్రకారం మొదటివాడికి 3 కిలోల లెక్క, రెండోవాడికి 3.6. తర్వాత మొదటి క్యానులో 20 కిలోల నీళ్లు కలిపించి, మళ్లీ రెండు రకాలుగానూ కట్టమనండి.