అప్‌డేట్: మా పర్లాకిమిడి వంశవృక్షం, మేనరికాల చిక్కు

పోయిన నెల మిమ్మల్ని రెండు సంగతులు అడిగాను. మేనరికాల వల్ల ఒకే మనిషి వంశవృక్షంలో రెండు చోట్ల పడుతుంటే ఏం చెయ్యాలి? పర్లాకిమిడిని ఏ రాష్ట్రం కింద రాయాలి? మీలో చాలామంది వంశవృక్షాలు రాసుకునే గ్రాంప్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చూడమన్నారు. ఉచితమే కాబట్టి అదే పెట్టుకున్నాను.

మా అమ్మమ్మని ఆవిడ సొంత మేనమామకే ఇచ్చారు. పాత నోటుబుక్కులో తాతయ్య పేరు రెండుసార్లు ఉండేది: ముత్తమ్మమ్మకి తమ్ముడిగా ఒకసారి, అమ్మమ్మకి భర్తగా ఇంకోసారి. గ్రాంప్స్‌లో మనిషిని ఒక్కసారే ఎక్కించి, పుట్టిన కుటుంబానికీ పెళ్లైన కుటుంబానికీ కలిపితే సరిపోయింది.

ఊరి సంగతి మాత్రం చాలా బాగుంది. ఒకే ఊరు ఏ కాలంలో ఏ జిల్లా కింద ఉందో తేదీలతో ఇవ్వొచ్చు. 1936 ఏప్రిల్ 1కి ముందు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, ఆ తర్వాత ఒడిశాలోని గంజాం, 1992 అక్టోబరు 2 నుంచి గజపతి జిల్లా. ముత్తాత పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, అమ్మ పుట్టింది ఒడిశాలో, ఇల్లు మాత్రం అదే! అది తెరమీద చూసి అమ్మ కాసేపు మాట్లాడలేదు.

అమ్మమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. ఒడిశాలో కలిసిన రెండేళ్లకి పుట్టానని చెప్పేది, అందుకని ‘సుమారు 1938’ అని పెట్టాను. ఒడియా కాగితాల్లో మా ఇంటిపేరు వేరేగా ఉంది, దాన్ని ప్రత్యామ్నాయ పేరుగా చేర్చాను. వేరే వంశవృక్ష ప్రోగ్రాముల్లో కూడా తెరుచుకునే జెడ్‌కామ్ (GEDCOM) ఫైలు ఒకటి తీసి తమ్ముడికి పంపాను.

బరంపురం ఇచ్చిన ఆడపడుచుల పేర్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అవి గుర్తున్నది పాతపట్నంలో ఉన్న చిన్నమ్మమ్మ ఒక్కర్తికే. ఈ ఆదివారం అక్కడికే వెళ్తున్నాను.