సముద్రపు గడ్డిని చట్రాలతో కొలవడం ఇక మానేద్దామా?

ఆటుపోటు:
మా బృందం ఆరేళ్లుగా ఒకే చోట, ఆటుకు నీరు తీసినప్పుడు బయటపడే సముద్రపు గడ్డిని మూడు నెలలకొకసారి కొలుస్తోంది. 1998లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మొదలైన సీగ్రాస్ వాచ్ పద్ధతినే పాటిస్తున్నాం. 50 మీటర్ల టేపులు మూడు పరుస్తాం, టేపుకీ టేపుకీ మధ్య 25 మీటర్లు. ప్రతి 5 మీటర్లకు 50 సెంటీమీటర్ల భుజం ఉన్న చతురస్రపు చట్రం పెడతాం. మొత్తం 33 చట్రాలు. గడ్డి నేలను ఎంత శాతం కప్పిందో కంటితో చూసి అంచనా వేస్తాం. ఏ జాతి ఎంత ఉంది, ఆకు ఎంత ఎత్తు ఉంది, నాచు ఎంత పట్టింది, అడుగున ఉన్నది ఇసుకా బురదా అన్నది రాసుకుంటాం. ఇప్పుడు మాలో సగం మంది, డ్రోన్‌తో ఫొటోలు తీస్తే సరిపోతుంది, చట్రాలు మానేద్దాం అంటున్నారు. మీరేమంటారు?

పైచూపు:
మానేయండి. మీరు కొలిచే స్థలం 2,500 చదరపు మీటర్లు. 33 చట్రాలనూ కలిపితే వచ్చేది 8.25 చదరపు మీటర్లు. వెయ్యి వంతుల్లో మూడు వంతులు చూసి మిగతా 997 వంతుల ఆరోగ్యం చెబుతున్నారు. డ్రోన్ అంతా చూస్తుంది. పైగా ఇసుక మేటలు కదిలితే గడ్డి కూడా వాటి వెంటే జరుగుతుంది. మీ టేపు కింద సున్నా వచ్చినంత మాత్రాన గడ్డి చచ్చిందని కాదు, నలభై అడుగులు పక్కకు పోయి ఉండవచ్చు. అంచు ఎక్కడుందో తెలియకుండా లోపలి శాతాలు ఎన్ని రాసినా లాభం లేదు.

బురదకాలు:
తొమ్మిదేళ్లుగా మోకాళ్ల మీద కూర్చుని ఈ పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. డ్రోన్‌కు కనిపించేది పచ్చదనం. గడ్డి మీద పచ్చటి ఉల్వా నాచు దుప్పటిలా పరుచుకున్నా పైనుంచి అది పచ్చగానే కనిపిస్తుంది. కింద గడ్డికి వెలుగు అందక ఊపిరాడకుండా ఉంటుంది. అంటే సరిగ్గా జబ్బు ముదిరిన రోజునే మీ ఫొటో ఆరోగ్యంగా ఉందని చెబుతుంది. నేను చేత్తో నాచు పక్కకు తీసి, దాని శాతం వేరుగా రాసి, అప్పుడు గడ్డిని చూస్తాను. హాలోఫిలా ఓవాలిస్ అనే గడ్డి జాతి ఆకు చిన్నది, పలచటి ఒండ్రు పొర పడితే చాలు, నిలబడి చూసినా కనిపించదు. వేలితో తుడిస్తే కింద ఆకు ఉంటుంది. డ్రోన్‌కు వేలు లేదు.

శంఖం:
అడుగుల సంగతి ఎవరూ మాట్లాడలేదు. మెత్తటి బురదలో నలుగురు నడిస్తే ఆ గుంటలు చాలా రోజులు ఉంటాయి. టేపుకు ఒక పక్కనుంచే నడవండి, రెండో పక్క తొక్కకండి.

పైచూపు:
బురదకాలు గారూ, మీ వేలి సంగతి సరే, మీ కంటి సంగతి చెప్పండి. ఒకే చట్రాన్ని ఇద్దరికి చూపిస్తే ఒకరు 15 శాతం అంటారు, మరొకరు 25 అంటారు. ఆ పది శాతం తేడా గడ్డిలో ఉందా, కళ్లల్లో ఉందా?

బురదకాలు:
దానికోసమే ప్రమాణ ఫొటోల పట్టీ ఉంది. 5 శాతం ఇలా ఉంటుంది, 30 ఇలా ఉంటుంది అని పక్కన పెట్టుకుని పోల్చి చూస్తాం. కొత్తవారిని ముందు దానిమీదే తర్ఫీదు చేస్తాం. ప్రతి చట్రాన్నీ ఫొటో తీసి దాచుకుంటాం, ఎవరికి అనుమానం వచ్చినా పదేళ్ల తర్వాతైనా తీసి మళ్లీ చదువుకోవచ్చు.

పైచూపు:
నా ప్రశ్నకు అది జవాబు కాదు. పదిహేనా, ఇరవై అయిదా?

వేరుమొదలు:
మీరిద్దరూ ఆకు దగ్గరే ఆగిపోయారు. ఆకు ఆఖరున చెప్పే సాక్షి. నేలలో పాకే కాండంలో మొక్క పిండిపదార్థం దాచుకుంటుంది. నీరు మురికెక్కి వెలుగు తగ్గితే ముందు ఆ నిల్వను ఖర్చు చేస్తుంది, పైన ఆకు కొంతకాలం మామూలుగానే ఉంటుంది. ఆకులో కర్బనానికీ నత్రజనికీ ఉన్న నిష్పత్తి చూడండి. అది 20 కంటే తగ్గితే వెలుగు చాలడం లేదేమోనని అనుమానించాలి. దానికి ప్రయోగశాల కావాలి కానీ కొన్ని ఆకులు చాలు. మట్టిలో విత్తనాల లెక్క కూడా అంతే అవసరం. విత్తనాలుంటే పైన అంతా పోయినా తిరిగి మొలిచే ఆశ ఉంటుంది.
ఇంకొక మాట. శాతం తగ్గడమంతా జబ్బు కాదు. ఉత్తర ఐరోపాలో ఆటుపోట్ల మధ్య పెరిగే జొస్టెరా నోల్టీ అనే గడ్డి చలికాలానికి ఆకుల్లో చాలా భాగం రాల్చేస్తుంది. అంతకుముందే శరదృతువులో బ్రెంట్ బాతులు దిగి మేస్తాయి. వెచ్చటి సముద్రాల్లో ఈ గడ్డి తిని బతికే పెద్ద జంతువు డుగాంగ్ మేసిన చోట మొక్కలు వేళ్లతో సహా లేచిపోయి పొడుగాటి చాళ్లు మిగులుతాయి. అది తెలియని వారు ఆ చాళ్లు చూసి గడ్డి నాశనమైందని రాస్తారు.

పైచూపు:
అందుకే అంటున్నాను, అంచుల పటం కావాలని. డుగాంగ్ చాళ్లు ఏవో, రాలినది ఏదో పైనుంచి ఒక్క చూపులో తెలుస్తుంది.

బురదకాలు:
తెలియదు. మీరెప్పుడైనా ఆటు సమయానికి బురదలో దిగారా? ఎండలో కూర్చుని తెర మీద రంగులు చూసేవారికి మా ఆరేళ్లు, తొమ్మిదేళ్లు పనికిమాలిన అంకెల్లా కనిపిస్తాయి. నాకు ఈ మాటలు కొత్త కాదు. శాతం వరుసగా పడిపోతోందని మా బృందం ఒక కార్యాలయానికి కాగితం ఇచ్చింది. వాళ్లు సరిగ్గా మీ మాటే అన్నారు. మధ్యలో కొలిచే మనుషులు మారారు కదా, తేడా కంటిది కావచ్చు, ఇంకో రెండేళ్ల లెక్కలు తీసుకురండి అన్నారు. తెచ్చాం. అప్పటికి అక్కడ వట్టి ఇసుక మిగిలింది. 33 చట్రాల్లో 33 సున్నాలు. ఆ రోజు ఎవరూ నన్ను పదిహేనా ఇరవై అయిదా అని అడగలేదు.

అలల_పక్కన:
చదువుతుంటే బాధగా ఉంది.

పైచూపు:
బురదలో దిగానా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాలుగేళ్లు దిగాను. మా చట్రాల శాతం ఒక చలికాలంలో సగానికి పడింది. గడ్డి చచ్చిపోతోందని మేం గోల పెట్టాం, ఒడ్డున జరుగుతున్న పని ఆపించాం. వసంతానికి గడ్డి మొత్తం తిరిగి వచ్చింది. పనులు పోయిన కూలీలు వచ్చి మా ఎదుట నిలబడి అడిగారు, మా దగ్గర సమాధానం లేదు. మూడేళ్ల తర్వాత నాచు నిజంగానే గడ్డిని ముంచేసినప్పుడు మేం చెబితే ఒక్కరూ వినలేదు. మీ బాధ ఆలస్యంగా నమ్మారని. నా బాధ మేం తొందరపడి అరిచామని. చట్రమా డ్రోనా అన్నది నాకు అసలు ప్రశ్న కాదని ఇప్పుడు ఇది రాస్తుంటేనే తెలుస్తోంది.

బురదకాలు:
ఆ సంగతి ముందే చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాణ్ని కాదు. కానీ నా మాట మారదు. తప్పుగా అరిస్తే పరువు పోతుంది. అరవకపోతే గడ్డే పోతుంది. 1930లలో ఉత్తర అట్లాంటిక్ రెండు తీరాల్లోనూ జొస్టెరా మెరీనా అనే గడ్డి జబ్బు చేసి చాలావరకు పోయింది. ఉత్తర ఐరోపా తీరంలోని వాడెన్ సముద్రంలో ఎప్పుడూ నీట మునిగి ఉండే గడ్డి అప్పుడు పోయి మళ్లీ నిలదొక్కుకోలేదు, ఆటుకు బయటపడే గడ్డే మిగిలింది. అన్ని చోట్లా వసంతానికి తిరిగి రాదు.

పైచూపు:
పరువు పోతే పోనీ అనుకోవడానికి వీల్లేదు. మన మాట నమ్మేవారు లేకపోతే గడ్డి తరఫున మాట్లాడేవారే ఉండరు. 2011లో వరదలు, యాసి తుపాను క్వీన్స్‌లాండ్ గడ్డిని దెబ్బతీశాక, ఆ ఏడాది ఒడ్డుకు కొట్టుకొచ్చిన డుగాంగ్‌ల చావులు బాగా పెరిగాయి. దెబ్బకు ముందు ఏళ్ల తరబడి వరుసగా తీసిన కొలతలు చేతిలో ఉండటం వల్లే గడ్డి ఎంత పోయిందో అక్కడ గట్టిగా చెప్పగలిగారు.

వేరుమొదలు:
ఆ కొలతల్లో చాలా భాగం చట్రాలతో తీసినవే.

పైచూపు:
నిజమే. ఒప్పుకుంటున్నాను.

ఆటుపోటు:
అందరి మాటలూ మా వాళ్లకు చదివి వినిపించాను. చట్రాలు ఉంటాయి. ఇద్దరు మనుషులు ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా చదువుతారు. డ్రోన్ ఏడాదికొకసారి, అదే నెలలో, అంచుల కోసం మాత్రమే. ఇక కొత్తగా ఒకటి రాసుకున్నాం: ఏ శాతానికి పడితే కాగితం పంపాలో కొలతకు వెళ్లకముందే నిర్ణయించుకుంటాం, చూశాక కాదు. చలికాలాన్ని చలికాలంతోనే పోలుస్తాం. ఆ కాలానికి ఆరేళ్లలో నమోదైన కనిష్ఠం కంటే తగ్గితే, తర్వాతి కొలతలోనూ అలాగే ఉంటే పంపుతాం.

బురదకాలు:
తర్వాతి కొలత అంటే మూడు నెలలు. అంత ఆగకూడదు. ఒకటి చాలు.

పైచూపు:
ఒకటి చాలదు. రెండు ఉండాల్సిందే. కానీ రెండోదానికి మూడు నెలలు ఎందుకు? పెద్ద ఆటు పదిహేను రోజులకొకసారి వస్తుంది కదా.

బురదకాలు:
అమావాస్యకు తక్కువ వస్తే పౌర్ణమికి వేరే మనుషులతో మళ్లీ కొలవాలి, అప్పుడూ తక్కువే వస్తే అదే రోజు పంపాలి. దానికైతే నాకు అభ్యంతరం లేదు.

ఆటుపోటు:
రాసుకున్నాను. ఇద్దరిలో ఎవరైనా ఆ పౌర్ణమి కొలతకు రాగలరా?

పైచూపు:
నేను వస్తాను. టేపుకు ఏ పక్క నడవాలో ముందే చెప్పండి.