స్పానిష్ మాటలను ఇంగ్లీషు దారిలో నేర్చుకోవచ్చా?

తంగేడుపువ్వు:
డాలస్‌లో ఒక పళ్ల ఆసుపత్రిలో పని దొరికింది. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ల పేరు, బాధ రాసుకోవాలి. చాలామంది స్పానిష్ తప్ప మరొకటి మాట్లాడరు. సాయంత్రం తరగతిలో చేరితే, ఇంగ్లీషు మాటలను స్పానిష్‌లోకి మార్చే సూత్రాల కాగితం మొదటి రోజే చేతిలో పెట్టారు. దాన్ని నమ్ముకోవచ్చా, లేక మాటలన్నీ విడిగా బట్టీ పట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కలపంతులు:
నిస్సందేహంగా నమ్ముకో అమ్మా. నేషన్ నసియోన్ అవుతుంది, ఇన్ఫర్మేషన్ ఇన్ఫొర్మసియోన్ అవుతుంది. యూనివర్సిటీ ఉనివెర్సిదాద్, ఫేమస్ ఫమోసో. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు, ఆ తర్వాత పండితుల చేతుల మీదుగా లాటిన్ మాటలు వేలకొద్దీ ఇంగ్లీషులో చేరాయి. స్పానిష్ ఆ లాటిన్ బిడ్డే. నీ పనికే చూడు: డెంటిస్ట్ తెలిసినవారికి పన్ను అంటే ‘దియెంతె’ అని రెండోసారి చెప్పాలా? సోలార్ తెలిస్తే సూర్యుడు ‘సోల్’, లూనార్ తెలిస్తే చంద్రుడు ‘లూనా’. ఉన్న ఆస్తిని వదిలేసి బట్టీ పట్టడం దేనికి?

వేపగాలి:
నేను మాద్రిద్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. మెట్రోలో మొదటి రోజు రెండు సంచులతో నిలబడి ‘ఎగ్జిట్’ లాంటి మాట కోసం బోర్డులన్నీ వెతికాను. ఎక్కడ చూసినా ‘సలీదా’. బయటికి దారి అంటే అదే. ‘ఎక్సితో’ అనే మాట ఉంది, కానీ దాని అర్థం విజయం. కార్పెతా తివాచీ కాదు, కాగితాలు పెట్టుకునే ఫైలు. రోపా తాడు కాదు, బట్టలు. లిబ్రెరియా గ్రంథాలయం కాదు, పుస్తకాల దుకాణం. కుక్క పెర్రో, నిన్న అయేర్, కిటికీ వెంతానా. వీటికి మీ సూత్రం ఎక్కడ పనిచేస్తుంది? ఇంగ్లీషువాళ్ల ఇంటి మాటలు చాలావరకు జర్మన్ భాషల వైపు నుంచి వచ్చినవి. లాటిన్ నుంచి వచ్చినవాటిలో ఎక్కువ భాగం చదువుల మాటలు. మీ సూత్రాలతో వార్తాపత్రిక చదవవచ్చు, కూరగాయలు కొనలేం.

చిలకముక్కు:
సాయం చేస్తానని చెప్పబోయి నేను ‘అసిస్తీర్’ అన్నాను. అది హాజరు కావడం. సాయానికి ‘అయుదార్’ అనాలి.

లెక్కలపంతులు:
వేపగాలి గారూ, వెంతానాకు సూత్రం లేదన్నారే! మన ఇళ్లలో కిటికీ పైన ఉండే వెంటిలేటర్ మాట ఏమిటి? రెండింటికీ గాలి అనే లాటిన్ మాటే మూలం. మీకు తట్టకపోతే సంబంధం లేనట్టా?

వేపగాలి:
వెంతానా అర్థం తెలిశాకే వెంటిలేటర్ గుర్తొచ్చింది మీకు. వెంటిలేటర్ పట్టుకుని వెంతానాను ఎవరూ ఊహించలేరు. ట్రాన్స్‌లేషన్‌ను మీ కాగితం ప్రకారం మార్చి చూడండి. అసలు మాట ‘త్రదుక్సియోన్’.

లెక్కలపంతులు:
ఊహించడం వేరు, గుర్తుంచుకోవడం వేరు. గుర్తుండటానికి కొక్కెం కావాలి, వెంటిలేటర్ ఆ కొక్కెం. ఇందులో తప్పేమిటో చెప్పండి.

వేపగాలి:
తప్పు ఎంత దూరం పోతుందో చెబుతాను. 1980లో ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివాళ్లు ‘ఇంతొక్సికాదో’ అన్నారు, తిన్నది వికటించిందనే అర్థంలో. అక్కడివాళ్లు దాన్ని ఇంగ్లీషు ‘ఇంటాక్సికేటెడ్’ (మత్తులో ఉన్న) మాటగా విని మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం. కుర్రవాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లు. తంగేడుపువ్వు గారు కూర్చునేది ఆసుపత్రిలో అని మరవకండి.

లెక్కలపంతులు:
అక్కడ దుబాసీని పెట్టకపోవడం తప్పు. మాటలు నేర్చుకునే పద్ధతికి ఆ నేరం అంటగట్టకండి.

పాతరాగి:
ఇంగ్లీషు లేకుండానే కొన్ని దొరుకుతాయి. నరాంఖా మన నారింజే, అరబ్బుల మీదుగా స్పెయిన్ చేరింది. సబ్బు, తువాలు, బొత్తాం మనకు పోర్చుగీసువాళ్లు ఇచ్చినవి. స్పానిష్‌లో ఖబోన్, తోఆయా, బొతోన్.

లెక్కలపంతులు:
అవి ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నిజం చెప్పాలంటే ఇంగ్లీషులో పట్టు లేనివాళ్లే ఈ దారిని తప్పుపడతారు. ముందు అది సరిచేసుకుంటే ఇది వాదనే కాదు.

వేపగాలి:
ఇంతసేపటికి అసలు మాట బయటికి వచ్చింది. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇంటర్లో చేరిన వారం, ఇస్కూలు అన్నానని అధ్యాపకుడు నన్ను నిలబెట్టి ఆ మాటను పదిసార్లు పలికించాడు. తరగతి అంతా నవ్వింది. ఆ ఏడాది మళ్లీ నోరు తెరవలేదు. మాద్రిద్‌లో బడిని ఏమంటారో తెలుసా? ఎస్క్వేలా. స్టేషన్ ఎస్తసియోన్, స్టూడెంట్ ఎస్తుదియాంతె. సకారం కింద మరో హల్లు ఉంటే ముందు అచ్చు పెట్టకుండా వాళ్లు మాట మొదలుపెట్టరు. మా అమ్మమ్మ పలికినట్టే! త, ద, ఎ, ఒ అన్నీ మన నోటికి దగ్గరివే. ఇంత దగ్గరి భాషకు కూడా ఆ తరగతి గది గుమ్మం దాటే వెళ్లాలా నేను?

లెక్కలపంతులు:
నన్ను ఆ అధ్యాపకుడి పక్కన నిలబెట్టకండి. నాదీ జిల్లా పరిషత్తు బడే. పొలం పని అయ్యాక లాంతరు వెలుగులో నిఘంటువు ముందేసుకుని రోజుకు పది మాటలు రాసుకున్నాను. ఆ ఇంగ్లీషు నాకు ఎవరూ దానం ఇవ్వలేదు. మరో భాషకు అది పనికిరాదంటే ఆ రాత్రులన్నీ దండగేనా?

వేపగాలి:
దండగ అనలేదు. మీరు సంపాదించుకున్నది మీకు తాళంచెవి. లేనివాళ్లకు తలుపు లేదని చెప్పకండి, అంతే.

లెక్కలపంతులు:
ఆ పట్టు మాట నేను అనకుండా ఉండాల్సింది. పద్ధతి గురించి చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోను.

తంగేడుపువ్వు:
ఈరోజు ఒక పెద్దావిడ చెంప పట్టుకుని వచ్చి ‘మె దుయేలె లా మ్వేలా’ అన్నారు. మోలార్ గుర్తొచ్చి మ్వేలా దవడపన్ను అని పట్టుకున్నాను, పంతులు గారూ. కానీ ‘మె దుయేలె’ దగ్గర ఇంగ్లీషు సాయపడలేదు. కాగితం మీద ‘నాకు నొప్పెడుతోంది’ అని తెలుగులో రాసుకున్నాక వాక్యం కుదిరింది. ఎడమవైపా, కుడివైపా అని మాత్రం అడగలేకపోయాను, వేలుతో చూపించాను. ఆ రెండు మాటలు ఎవరైనా చెబుతారా? రేపు ఎనిమిదింటికి మళ్లీ వెళ్లాలి.

వేపగాలి:
ఎడమ ‘ఇస్కియెర్దా’, కుడి ‘దెరేచా’. రేపు కాగితం మీద ఇవి కూడా తెలుగులోనే రాసుకోండి.