అప్‌డేట్: ఒకే డీఎన్ఏ, వేర్వేరు ప్రోటీన్లు

కాలేయ కణంలోనూ నాడీ కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉన్నప్పుడు అవి తయారుచేసే ప్రోటీన్లు ఎందుకు వేరుగా ఉంటాయని అడిగాను. ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. కాలేయం తయారుచేసే రక్త ప్రోటీన్ అయిన అల్బుమిన్ జన్యువు రెండింటిలోనూ ఉంది. దాన్ని ఆర్ఎన్ఏగా నకలు తీయించే నియంత్రక ప్రోటీన్ల కలయిక మాత్రం కాలేయ కణానిదే.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఆ తర్వాతి దశ. ఆర్ఎన్ఏ నకలులోంచి ఇంట్రాన్లను (ప్రోటీన్ సమాచారం లేని మధ్య భాగాలను) తీసేసి మిగిలిన ముక్కలను అతికించేటప్పుడు కూర్పు మారితే ప్రోటీనే మారిపోతుంది! కాల్సిటోనిన్ జన్యువే ఉదాహరణ: థైరాయిడ్‌లోని సి-కణాల్లో ప్రధానంగా కాల్సిటోనిన్ హార్మోను, నాడీ కణాల్లో సీజీఆర్‌పీ అనే వేరే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్) తయారవుతాయి. ఎంత పొదుపైన ఏర్పాటు! ప్రోటీన్లను తయారుచేసే రైబోజోము చదివే 64 కోడాన్ల (మూడక్షరాల సంకేతాల) పట్టిక మాత్రం రెండుచోట్లా ఒకటే.

కణం విభజన చెందాక ఈ నియంత్రణ పిల్ల కణాలకు ఎలా అందుతుందో తెలుసుకోవాలని ఇప్పుడు డీఎన్ఏ మిథైలేషన్ (డీఎన్ఏపై మిథైల్ అనే రసాయన గుర్తులు చేరడం) గురించి చదువుతున్నాను.