బాబు స్కౌట్స్ లాగ్ బుక్ పోయింది, మళ్లీ ఎలా?

నల్గొండ నుంచి దేవరకొండ వెళ్లే బస్సులో మావాడు స్కౌట్స్ లాగ్ బుక్ మర్చిపోయాడు. ముడులు, ఫస్ట్ ఎయిడ్, క్యాంపులు, ద్వితీయ సోపాన్ (స్కౌట్స్‌లో రెండో మెట్టు) దాకా స్కౌట్ సార్ సంతకాలన్నీ అందులోనే ఉన్నాయి, ముందేమో తృతీయ సోపాన్ పరీక్ష. వాడు అన్నం కూడా సరిగా తినట్లేదు, నాకు ఒకటే టెన్షన్.

దేవరకొండోడు: ముందు డిపోలో అడుగన్నా. నా గొడుగు అక్కడే దొరికింది (గొడుగే అనుకో).

పాలమూరు అమ్మ: కొత్త బుక్ కొనడం కష్టం కాదండీ, సంతకాలే అసలు పని. ప్రథమ, ద్వితీయ సోపాన్ సర్టిఫికెట్లు, క్యాంపు ఫొటోలు పట్టుకుని స్కౌట్ మాస్టర్‌ని కలవండి, స్కూల్ రిజిస్టర్ చూసి మళ్లీ రాసిస్తారేమో అడగండి. మా పాపకు అలాగే చేశారు. అప్పట్నుంచి ప్రతి పేజీ ఫొటో తీసి పెడుతున్నా.

ప్రశ్న అడిగినాయన: సర్టిఫికెట్ ఒకటి బీరువాలో దొరికింది! రేపు డిపోకు పోయి, అటునుంచే స్కూలుకు పోతా.