గ్యాస్ మాత్ర పరగడుపునే ఎందుకు?

ప్రశ్న: అమ్మకు పాంటాప్రజోల్ 40 పొద్దున్నే పరగడుపున వేసుకోమని రాశారు. మంట మొదలయ్యేది టిఫిన్ తిన్నాక కదా, అప్పుడే వేసుకుంటే ఏమవుతుంది? యాంటాసిడ్ జెల్ కూడా ఇచ్చారు. రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండీ. జెల్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్లు అప్పటికే ఊరిన యాసిడ్‌ను విరిచేస్తాయి. నిమిషాల్లో హాయిగా ఉంటుంది, కాసేపటికి మళ్లీ మంట. పాంటాప్రజోల్ అసలు యాసిడ్ ఊరడాన్నే తగ్గిస్తుంది. పేగులో కరిగి, రక్తం ద్వారా జీర్ణాశయం గోడలోని యాసిడ్ పంపుల దగ్గరికి చేరి వాటికి అతుక్కుపోతుంది. చిక్కేమిటంటే, పనిచేస్తున్న పంపునే అది పట్టగలదు. తిండి పడ్డప్పుడే ఎక్కువ పంపులు పనిలోకి దిగుతాయి, మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే. అందుకే తినడానికి 30–60 నిమిషాల ముందు వేసుకోవాలి. మొదటి రోజే తగ్గలేదని మానెయ్యొద్దు, పూర్తిగా పనిచేయడానికి 3–5 రోజులు పడుతుంది.

ఇంకో జవాబు: మాత్రను నమలకూడదు, పొడి చెయ్యకూడదు. పైపూత పోతే కడుపులోని యాసిడే మందును పాడుచేస్తుంది. జెల్ సీసా బాగా కుదిపి తాగించండి. అమ్మగారు థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ జెల్‌కీ 4 గంటల ఎడం ఉండాలి, లేదంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా అందదు.

మరో జవాబు: పాంటాప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఇంకా ఎక్కువ ఊరి మంట తిరగబెట్టొచ్చు, డాక్టర్‌ను అడిగి మెల్లగా తగ్గించాలి. మలం నల్లగా వస్తున్నా, మింగడం కష్టమైనా, బరువు తగ్గిపోతున్నా మాత్రలతో నెట్టుకురావద్దు, వెంటనే చూపించండి.