రచయిత హక్కుపై 1774 తీర్పులో ఇంగ్లండు ప్రభువుల సభ అసలు ఏం తేల్చింది?

నమస్కారం. పుస్తక హక్కుల (కాపీరైట్) చరిత్ర మీద తెలుగులో వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ఇంగ్లండు న్యాయచరిత్ర చదివినవారు దయచేసి దారి చూపగలరు.

1557లో రాజశాసనం పొందిన లండన్ స్టేషనర్స్ కంపెనీ (ముద్రాపకుల, పుస్తక వ్యాపారుల సంఘం) సభ్యులు, తమ రిజిస్టరులో నమోదైన గ్రంథాన్ని తరగని ఆస్తిగా అనుభవించేవారు. 1710లో అమల్లోకి వచ్చిన ఆన్ రాణి చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, అప్పటికి రచయిత బతికుంటే మరో 14 ఏళ్లు, అంతకుముందే అచ్చయినవాటికి 21 ఏళ్లు హక్కు ఇచ్చింది.

చిక్కు ఆ గడువు తీరాక మొదలైంది. జేమ్స్ థామ్సన్ కావ్యం 'ది సీజన్స్' మీద శాశ్వత హక్కు ఉందని 1769లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ న్యాయస్థానం చెప్పగా, 1774లో అదే కావ్యం విషయంలో ప్రభువుల సభ (పార్లమెంటు ఎగువ సభ, అప్పట్లో అంతిమ అప్పీలు న్యాయస్థానం కూడా), గడువు తీరాక దాన్ని అచ్చువేసిన ఎడిన్‌బరో పుస్తక వ్యాపారి డొనాల్డ్‌సన్‌ను గెలిపించింది. అయితే సభకు సలహా ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఎక్కువమంది, ముద్రణకు ముందు రచయితకు కామన్ లా (శాసనసభ చట్టం కాక, న్యాయస్థానాల తీర్పుల ద్వారా ఏర్పడిన న్యాయం) ప్రకారం హక్కు ఉందనే అన్నారు. సభలో సభ్యుడైన లార్డ్ కామ్డెన్ మాత్రం ఆ వాదనను పూర్తిగా తోసిపుచ్చారు.

మరి ఆ తీర్పును, రచయితకు సహజ హక్కే లేదని చదవాలా, ఉన్న హక్కును చట్టం గడువుకు కుదించిందని చదవాలా? నేటి చరిత్రకారులు ఎటు మొగ్గుతున్నారో, ఏ ఆధారంతోనో తెలిసినవారు వివరించండి.